క్యాంపుకు రాని మెంబరమ్మ

"సుమో ఎక్కుమా, ఎండెక్కుతాంది" అని గంగాధర్ అనడం అది మూడోసారి.

ఈశ్వరమ్మ గడప మీద నుంచి లేవలేదు. గడప మీద కూర్చోవద్దని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పే మనిషి, ఈ పొద్దు తానే కాళ్లు బారజాపి దారికి అడ్డంగా కూర్చుంది. ఒళ్లో గుడ్డసంచి. అందులో క్యాంపుకు కావలసిన రెండు చీరలున్నాయని కొడుకు అనుకుంటున్నాడు. అందులో ఉన్నవి బెంగళూరు ఆసుపత్రి కాగితాలు, పాత నూలుచీర చింపి మడిచిన గుడ్డలు.

"ఎక్కుతా" అంది. "అయితే బండి పులివెందులకు కాదు. ముందు ప్రొద్దుటూరికి పోవాల."

"మళ్లీ మొదలుపెట్టినావా?"

"నిలిపింది యాడ, మళ్లీ మొదలుపెట్టేకి?"

వాకిట్లో సుమో ఇంజన్ ఆపకుండా గురగురమంటోంది. గంగాధర్ దానికి డ్రైవరు. బండి తిరుపాలరెడ్డిది. మండలంలో ఒక వర్గమంతా ఆయన కనుసన్నల్లో నడుస్తుంది. మొన్నటి ఎన్నికల్లో కొట్టాలపల్లె ఎంపీటీసీ స్థానం బీసీ మహిళలకు రిజర్వు అయితే, గొర్రెలు మేపుకునే సుబ్బన్న ఇంటికి నడిచొచ్చి, ఆయన భార్య ఈశ్వరమ్మ చేత నామినేషన్ వేయించింది ఆ రెడ్డే. ఆమె గెలిచింది. మండలంలో మొత్తం పదిహేడు మంది మెంబర్లు. ఇటు తొమ్మిది, అటు ఎనిమిది. గురువారం పదకొండు గంటలకు మండలాధ్యక్షుడి ఎన్నిక. అవతలివాళ్లు ఎగరేసుకుపోకుండా అంతవరకూ తొమ్మిది మందినీ పులివెందులలో ఒక కల్యాణ మండపంలో ఉంచాలని ఏర్పాటు. ఎనిమిది మంది నిన్ననే చేరారు. తొమ్మిదో మనిషి మంగళవారం పొద్దున ఇట్లా గడపకు అతుక్కుపోయి ఉంది.

"మూడే దినాలుమా. గురువారం చెయ్యెత్తినాక నేనే ఆసుపత్రికి తీస్కపోతా."

"పదారు దినాలాయ నాయనా. ఇంకా మూడు కలపమంటావా?"

"మొలలని చెప్పె గదా మన ఆర్ఎంపీ. మాత్రలిచ్చె గదా."

"మింగితి. మూతికి చేదు తప్ప ఇంకేం మిగల్యా. నెత్తురు పడేది పడ్తానే ఉంది."

నెత్తురనే మాట వినగానే గంగాధర్ ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. సుమో వెనకసీట్లో రెడ్డి మనుషులు ఇద్దరున్నారు. "రొంత మెల్లగా మాట్లాడుమా. మొగోళ్లు వింటాండారు."

"విననీ."

లోపలినుంచి కోడలు లక్ష్మీదేవి తడిచేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చి అత్త వెనక నిలబడింది. ఈ గుట్టంతా రట్టు చేసింది ఆ పిల్లే. నిన్న బట్టలుతికే బండ దగ్గర అత్త దాచిపెట్టబోయిన గుడ్డను లాక్కుని, ముట్లుడిగి ఆరేళ్లయిన మనిషి గుడ్డ మీద ఈ మరకేమిటని నిలదీసింది. చివరికి చెప్పించి వదిలింది.

"నువ్వు లోపలికి పో" అన్నాడు గంగాధర్ పెళ్లాంతో.

"పోను. నీళ్లలో నాననిచ్చి ఎర్రగా వచ్చిన నీళ్లు పారబోసింది నేను. నువ్వు చూల్యా. చూసింటే ఈ మాటనవు."

గంగాధర్ తండ్రి వంక చూశాడు. సుబ్బన్న దొడ్డి గోడ వారన కూర్చుని ఒక గొర్రె కాలిగిట్టలో ముల్లు తీస్తున్నాడు. ఆ ముల్లు ఎప్పుడో వచ్చేసింది. అయినా ఆ కాలు వదలలేదు. రెడ్డి మాటకు ఎదురాడటం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. సుబ్బన్నకు అసలే లేదు.

రెండేళ్ల కిందట ఈశ్వరమ్మకు గర్భసంచి మూతి దగ్గర క్యాన్సర్ అని తేలింది. బెంగళూరులో పెద్దాసుపత్రిలో ఇరవై అయిదు రోజులు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకుంది. ఆ ఇరవై అయిదు రోజులూ ఆసుపత్రి వరండాలో చాప వేసుకుని, తనలాంటి ఆడవాళ్లతో కలిసి గంజి తాగి, ఏడ్చేవాళ్లను తిట్టి, తిననివాళ్లకు తినిపించి, గట్టున పడి ఇంటికొచ్చింది. పంపేటప్పుడు అక్కడి డాక్టరమ్మ కన్నడం కలిసిన తెలుగులో ఒక మాట చెప్పింది: ఇకమీద ఒంట్లో ఎక్కడినుంచి నెత్తురు కనపడినా, ఎంత కొంచెమైనా, ఇంట్లో కూర్చోవద్దమ్మా, వెంటనే చూపించుకో.

ఆ మాట గుర్తుండీ పదహారు రోజులు నోరు మూసుకున్నందుకు ఈశ్వరమ్మకు తన మీదే మంట. ఎన్నికల పనిలో తీరిక లేదని తనకు తాను చెప్పుకుంది. సిగ్గని చెప్పుకుంది. అదేం కాదు, భయం. పేరు పెట్టి పిలిస్తే ఆ జబ్బు పలుకుతుందేమోనని భయం. నిన్న కోడలి ముందు ఆ పేరు పలికేసింది. పలికాక భయం పోలేదు గానీ, దాంతోపాటు మొండితనం కూడా వచ్చి పక్కన కూర్చుంది.

సుమోలోంచి ఒకడు దిగి ఎస్టీడీ బూతు వైపు పోయాడు. అరగంటలో తిరుపాలరెడ్డి స్వయంగా వచ్చాడు. ముందొక జీపు, వెనకొక జీపు.

ఆయన అరవై దాటిన మనిషి. తెల్లచొక్కా, చేతిలో కర్ర. ఇంటిముందు నులకమంచం వాల్చారు, కూర్చోలేదు.

"ఏం ఈశ్వరమ్మా, అలిగినావంట?"

"అలగల్యా పెద్దాయనా. ఆసుపత్రికి పోవాల."

"ఏం జబ్బు?"

గంగాధర్ గబుక్కున అందుకున్నాడు. "ఏం ల్యా పెద్దాయనా, ఆడోళ్ల జబ్బు..."

"ఆడోళ్ల జబ్బు కాదు" అంది ఈశ్వరమ్మ. గొంతు దొడ్డిదాకా వినపడింది. "దొడ్డికి పోతే నెత్తురు పడ్తాంది. ఒక దినం చుక్కలు, ఒక దినం గడ్డలు. నొప్పి ల్యా. లేచి నిలబడితే కండ్లు తిరుగుతాండాయి. క్యాన్సరొచ్చి కరెంటు పెట్టించుకున్న ఒళ్లు ఇది. ఊరికే పోయే నెత్తురు కాదు."

చుట్టూ ఉన్న పదిమందీ తలలు దించుకున్నారు. ఒకడు కాలిబొటనవేలితో మట్టి గీయడం మొదలుపెట్టాడు. బాంబు పేలి పేగులు బయటపడినవాణ్ని పంచెతో కట్టి ఆసుపత్రికి మోసుకుపోయిన చేతులు వీళ్లవి. ఒక ఆడమనిషి నోటివెంట ఈ మాట వచ్చేసరికి వాళ్లకు చూపు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తిరుపాలరెడ్డి గొంతు తగ్గించాడు. "చూడుమ్మా, నేను కాదనను. కానీ ప్రొద్దుటూర్లో సందుకొక మనిషిని పెట్టినారు వాళ్లు. నువ్వు ఆసుపత్రి మెట్లెక్కే లోపల నిన్ను బండిలో ఏసుకోని పోతారు."

"పోనీ పెద్దాయనా. వాళ్లన్నా డాక్టరుకు చూపిస్తారేమో."

ఆ మాట తమాషాకన్నదో నిజంగానే అన్నదో తెలియక రెడ్డి ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె చూపు తిప్పలేదు. ఆయన కర్ర ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"సరే. నా మనుషులిద్దరు ఎంట వస్తారు. చూపించుకోని అట్నుంచి అటే పులివెందుల. మాటిచ్చినట్టేనా?"

"డాక్టరు ఏం చెప్తే అది" అంది ఈశ్వరమ్మ, గోడ పట్టుకుని లేస్తూ.

మాట మాత్రం ఇవ్వలేదు. ఆ సంగతి రెడ్డి కూడా గమనించాడు.

*

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వీధి దాటి, ఒక సందులో రెండంతస్తుల నర్సింగ్‌హోమ్. డాక్టర్ ఖమ్రున్నీసా ఆ ఊళ్లోనే పుట్టి, ఆ ఊళ్లోనే ముప్పై ఏళ్లుగా కాన్పులు చేస్తున్న మనిషి. కాగితాలు పట్టుకుని ఈశ్వరమ్మ, ఆమెను పట్టుకుని లక్ష్మీదేవి లోపలికి అడుగుపెట్టారు. వాళ్ల వెనకే రెడ్డి మనుషులిద్దరూ దూరారు.

"మీరెవరు?"

"ఈమె మా మెంబరమ్మ. కంటి ముందరే పెట్టుకోమన్నారు మా పెద్దాయన."

"ఈడ మెంబర్లుండరు. పేషంట్లుంటారు. బయటికి పోయి తలుపేయండి."

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి అలాగే చూస్తూ కూర్చుంది. బయటికి పోయారు. తలుపు కూడా వాళ్లే వేశారు.

ఆమె అడిగిన ప్రశ్నలు చాలానే ఉన్నాయి. నెత్తురు ఎర్రగా ఉందా, నల్లగా తారులాగా ఉందా? దొడ్డికి కలిసి వస్తోందా, విడిగా పడుతోందా? ఉన్నట్టుండి ఆగలేనట్టు వస్తోందా? బరువు తగ్గినావా? నెత్తురు పలచబరిచే మాత్రలేమైనా మింగుతున్నావా? ఈశ్వరమ్మ ఒక్కోదానికీ దాపరికం లేకుండా చెప్పింది. ఇంటి దగ్గర గొంతు చించుకుంటే గానీ బయటికి రాని మాటలు ఇక్కడ మామూలు మాటల్లా వచ్చేశాయి. అది ఆమెకే వింతగా అనిపించింది.

"పదారు దినాలు ఎందుకాగినావమ్మా?"

"భయం" అంది. ఇంకేం కలపలేదు.

డాక్టరమ్మ తలాడించింది. తిట్టలేదు. తెర చాటున పక్కకు తిరిగి పడుకోబెట్టి, చేతికి తొడుగు వేసుకుని, ముందే చెప్పి పరీక్ష చేసింది. చిన్న గొట్టంతో లోపల కొంతదూరం చూసింది. చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది.

"మొలలు లేవు. ఆ మాత్రలు పారేయండి."

"మరి ఆ జబ్బే మళ్లీ వచ్చిందా?"

"తెలీదు."

లక్ష్మీదేవి అత్త భుజం గట్టిగా పట్టుకుంది.

"వినండి" అని డాక్టరమ్మ ఒక తెల్లకాగితం మీద గీసి చూపించింది. "ఇది గర్భసంచి. దాని ఎనకనే ఆనుకోని మలాశయం. గర్భసంచికి పెట్టిన కరెంటు వేడి దీనికి గూడా తగులుతుంది. లోపలి పొర పలచబడి, ఏడాదికో రెండేండ్లకో నెత్తురు కారడం మొదలవుతుంది. నాకు తెలిసి శానామందికి ఇదే. దీనికి వైద్యముంది. అయితే మీది ఇదేనని కండ్లతో చూడకుండా నేను చెప్పను. వేరేది గూడా కావచ్చు. పాతది కావచ్చు, కొత్తది కావచ్చు. పొడుగు గొట్టంతో లోపలంతా చూడాల."

"గొర్రెకు నెత్తురు పారితే కూడా అంతేలే. పొట్ట కోస్తే గానీ ఏ రోగమో తేలదు."

"మిమ్మల్ని కోయకుండానే చూస్తాం" అని డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది. "ఇంకో మాట. గొట్టం ఏసే డాక్టరుకు కరెంటు పెట్టించుకున్న సంగతి ముందే చెప్పండి. నేను రాసిస్తా, అయినా మీ నోటితో గూడా చెప్పండి. కరెంటు తగిలిన చోట తెలీక ముక్క కత్తిరిస్తే పుండు పడి మానదు."

అంతలో వేలు గుచ్చి తీసిన రక్తపరీక్ష కాగితం వచ్చింది. డాక్టరమ్మ ముఖంలో నవ్వు పోయింది. "రక్తం పన్నెండు ఉండాల్సింది ఏడుంది. కండ్లు తిరగక ఏమవుతాయి? ఇప్పుడే చేరండి. రెండు సీసాల రక్తం ఎక్కించాల. గొట్టం ఏసే డాక్టర్ సిరాజుద్దీన్ కర్నూలు నుంచి పదైదు దినాలకొకసారి ఇక్కడికొస్తాడు. ఈ గురువారం ఆయన దినం. పది, పదకొండు మధ్యలో మీది పెట్టిస్తా."

గురువారం. పదకొండు.

లక్ష్మీదేవి అత్త ముఖంలోకి చూసింది.

"ఆయన మళ్లీ వచ్చే గురువారానికి రాకూడదామ్మా?" అని మెల్లగా అడిగింది ఈశ్వరమ్మ. అడుగుతుంటేనే ఆ గొంతు తనది కాదనిపించింది, గంగాధర్ గొంతులా ఉంది.

"పదైదు దినాలాగితే ఏమీ కాదని నేను చెప్పలేను. ఏదో అవుతుందనీ చెప్పలేను. నా తల్లయితే ఆగను."

ఈశ్వరమ్మ సంచి తీసి మంచం మీద పెట్టింది. "ఏ రూమమ్మా?" అంది.

గంగాధర్‌ది, తల్లిది ఒకే గ్రూపు రక్తం. సంగతి విన్నాక వాడు కాసేపు మెట్ల మీద కూర్చున్నాడు. ఆ తర్వాత లేచొచ్చి చొక్కా చెయ్యి పైకి మడిచాడు. సూది దిగేటప్పుడు గోడవైపు చూస్తూ, "పెద్దాయనకు నేనేం చెప్పాలమా?" అన్నాడు. తల్లి కొడుకు తలమీద చెయ్యి వేసింది. ఎన్నేళ్లయిందో వాడి జుట్టు ముట్టుకుని.

*

బుధవారం పొద్దున తిరుపాలరెడ్డి ఆసుపత్రి మెట్లెక్కాడు.

అప్పటికి ఈశ్వరమ్మ చేతికి సూది ఉంది. తల వైపు కమ్మీకి వేలాడుతున్న సీసాలోంచి కొడుకు రక్తం చుక్క చుక్కగా దిగుతోంది. సుబ్బన్న జమ్మలమడుగులో బస్సు పట్టుకుని తెల్లారేసరికే వచ్చి, కంబళి భుజాన వేసుకుని తలుపు పక్కన నేలమీద కూర్చున్నాడు. రెడ్డిని చూసి లేచి నిలబడ్డాడు. అది ఒంటికి పట్టిన అలవాటు.

"గురువారం పదకొండుకు ఓటు. పదిన్నరకు నీకు గొట్టమంట" అన్నాడు రెడ్డి. కోపం లేదు గొంతులో. అదే ఎక్కువ భయపెట్టేలా ఉంది. "శుక్రవారం తెల్లారేకల్లా ఏసీ కారు పెడ్తా. హైదరాబాదులో చూపిస్తా. ఈ సందులో గొట్టం కంటే మంచి గొట్టాలుంటాయి ఆడ. ఒక్క దినం ఓపిక పట్టు."

"ఓపిక పట్టే పదారు దినాలు పోగొట్టుకుంటి పెద్దాయనా."

"నువ్వు రాకుంటే ఎనిమిదికి ఎనిమిది. చీటీలేస్తారు. పదైదేండ్లుగా చేతిలో ఉన్న మండలం చీటీ మీద పోవాల్నా?"

"మీకు చెయ్యెత్తేకి ఎనిమిది మంది ఉండారు. నా కడుపు చూపించుకునేకి నేనొక్కదాన్నే."

"ఎవరు నిలబెడితే నిలబడినావో మర్చిపోయినావు."

"మర్చిపోల్యా. మెంబరయినాక ఊళ్లో ఆడోళ్లంతా నా దగ్గరికొచ్చి ఒంట్లో బాధలు చెప్పుకుంటాండారు. అందరినీ ఆసుపత్రికి పోండి, సిగ్గుపడొద్దండి అంటాండా. నేనే పోకుంటే ఇంక నా మాటకేం ఇలవ?"

రెడ్డి నవ్వాడు. నవ్వు కళ్ల దాకా పోలేదు. ఈశ్వరమ్మను వదిలి సుబ్బన్న వైపు తిరిగాడు. "సుబ్బన్నా, కోతలైనాక నీ మంద యాడ మేస్తాది?"

సుబ్బన్న భుజం మీద కంబళి సర్దుకున్నాడు.

"నా చేన్లలో, నా వాళ్ల చేన్లలో. ఏటి గట్టు దాకా అన్నీ మనవే గదా. రేపటి నుంచి ఎవరి చేన్లో మేపుకుంటావో చూసుకో. నేనేం బెదిరించడం ల్యా. చెప్తాండా."

సుబ్బన్న కంబళి కొస పట్టుకుని నలిపాడు. వదిలాడు. మళ్లీ నలిపాడు. ఈశ్వరమ్మ మొగుణ్ని చూడలేదు. చూస్తే ఆ మనిషి ఇంకా కుంగిపోతాడని ముప్పై నాలుగేళ్ల కాపురం చెప్పింది.

"మా అన్నను గూడా" అన్నాడు సుబ్బన్న.

ఆ గొంతు తడారిన బొక్కెన బావిలోకి దిగినట్టుంది. అందరూ తిరిగి చూశారు.

"మా అన్న రామసుబ్బయ్యను గూడా ఒక్క దినమనే తీస్కపోయినారు పెద్దాయనా. పదకొండేండ్లాయె. మైలవరం కాలవ గట్టు మీద మీ ఎనక జీపుకు బాంబు పడింది. మీరు ముందు బండిలో ఉండారు, ఆయప్ప ఎనక బండిలో. నేను పోయి కంబళిలో ఏరుకోనొచ్చినా. ఆ పొద్దు మిమ్మల్ని ఒక్క మాట అడగల్యా. ఈ పొద్దు గూడా అడగను."

కంబళి కొస వదిలేశాడు.

"గొర్రెలు యాడన్నా మేస్తాయి. మా ఆడమనిషి మాత్రం రాదు."

తిరుపాలరెడ్డి చాలాసేపు అతన్ని చూశాడు, ఇన్నాళ్లూ తన నీడలో నిలబడిన మనిషికి ముఖం ఉందని ఇప్పుడే కనిపెట్టినట్టు. కర్రతో నేల మీద ఒకసారి కొట్టి వెనుదిరిగాడు. తలుపు దగ్గర గంగాధర్ నిలబడి ఉన్నాడు, చేతి మడతలో నిన్నటి దూదితో.

"బండి తీయ్" అన్నాడు రెడ్డి.

గంగాధర్ తల్లిని చూశాడు. తండ్రిని చూశాడు. లక్ష్మీదేవి వైపు చూడలేకపోయాడు. జేబులో తాళాలు గలగలమన్నాయి. రెడ్డి వెనకే మెట్లు దిగి వెళ్లిపోయాడు.

లక్ష్మీదేవి మొగుడు పోయిన దారి వైపు చూసి పళ్లు కొరికింది. "సిగ్గు లేదు చూడత్తా!"

"పోనీలే పాపా" అంది ఈశ్వరమ్మ, సీసా వైపు చూస్తూ. "వాని నెత్తురు ఈడనే ఉంది."

*

గురువారం పొద్దున కడుపు ఖాళీ చేసే మందు తాగించి, పదింపావుకు లోపలికి తీసుకుపోయారు. డాక్టర్ సిరాజుద్దీన్ చిన్నవాడే, గంగాధర్ కంటే నాలుగేళ్లు పెద్దేమో. అతను చీటీ చదివేలోపలే ఈశ్వరమ్మ చెప్పింది:

"సారూ, నేను కరెంటు పెట్టించుకున్నదాన్ని. రెండేండ్లాయె. తెలీక యాడ బడితే ఆడ కత్తిరించొద్దు."

అతను చీటీలోంచి తలెత్తి నవ్వాడు. "మీ అంత స్పష్టంగా ఎవరూ చెప్పరమ్మా. సరే, కత్తిరించను."

మత్తు కొద్దిగానే ఇచ్చారు. పక్కకు తిరిగి పడుకుంటే ఎదురుగా చిన్న టీవీ. ఈశ్వరమ్మ కళ్లు మూసుకోలేదు. ఇరవై అయిదు రోజులు మిషను కింద ఒంటరిగా పడుకున్నప్పుడు లోపల ఏం జరుగుతుందో ఎవరూ చూపించలేదు. ఈసారి చూడాలనుకుంది.

తెర మీద తన లోపలి దారి కనపడింది. గులాబీరంగు గోడల మీద సన్నటి ఎర్ర నరాలు సాలెగూడులా అల్లుకుపోయి, అక్కడక్కడా నెత్తురు చెమర్చుతోంది.

"ఇదిగోండి, మీ నెత్తురు ఇక్కడినుంచే. ఇది కరెంటు చేసిన పని" అన్నాడు డాక్టరు. "దీనికి మందు ఎక్కించొచ్చు, కాల్చి ఆపొచ్చు. భయపడే పని లేదు."

ఈశ్వరమ్మ గుండెలోంచి పదహారు రోజుల బరువు జారినట్టయింది. పక్కన ఖమ్రున్నీసా ఆమె చెయ్యి నొక్కింది.

గొట్టం ఇంకా పైకి పోతోంది. నరాల అల్లిక అయిపోయి, గోడలు నున్నగా, మామూలుగా కనిపించాయి. అక్కడ డాక్టరు చెయ్యి ఆగింది. ముందుకు పోయింది. వెనక్కి వచ్చింది. మళ్లీ అక్కడే ఆగింది.

తెర మధ్యలో నానిన శనగగింజంత బుడిపె.

"ఏంది సారూ అది?"

అతను గొట్టాన్ని ఇంకొంచెం దగ్గరికి జరిపాడు.

"దాంచొద్దు. ఏందది?"

"ఇది కరెంటు తగిలిన చోటు కాదమ్మా. పైన. ఇక్కడ ముక్క తీయొచ్చు. తీసి పరీక్షకు పంపిస్తా. ఇట్లాంటివి శానావరకు మామూలువే. అయినా అదేందో ఇప్పుడే చెప్తే అబద్ధమవుతుంది. పది దినాలాగాల."

గోడ గడియారం పదకొండూ అయిదు చూపిస్తోంది. మండలాఫీసులో ఈ పాటికి పేర్లు పిలుస్తుంటారు. కొట్టాలపల్లె అని పిలిస్తే ఎవరూ పలకరు.

"తీయండి సారూ" అంది ఈశ్వరమ్మ. "మళ్లీ వచ్చింటే మళ్లీ పోతా బెంగళూరుకు. దోవ తెలిసిందే గదా."

పన్నెండున్నరకు గదిలోకి తెచ్చి పడుకోబెట్టారు. ఒంటిగంటకు కిందికి టీ కోసం పోయిన సుబ్బన్న ఉత్తచేతులతో తిరిగొచ్చాడు.

"ఎనిమిదికి ఎనిమిది" అన్నాడు. "చీటీలేసినారంట."

"ఎవరికొచ్చె?"

"వాళ్లకే."

ఈశ్వరమ్మ కళ్లు మూసుకుని తెరిచింది. పశ్చాత్తాపం కోసం లోపల వెతుక్కుంది. దొరకలేదు. ఆకలి మాత్రం దొరికింది. రెండిడ్లీలు తెప్పించమని అడగబోతుంటే, కిటికీ దగ్గర నిలబడిన లక్ష్మీదేవి వెనక్కి తగ్గింది.

"అత్తా... మన సుమో. ఎనక ఇంకో రెండు బండ్లు."

సుబ్బన్న ఒక్క అంగలో పోయి తలుపు మూసి గడియ పెట్టాడు. కంబళి కింద పడేసి తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"గడియ తీయ్" అంది ఈశ్వరమ్మ.

"మ్మే, నీకు తెలీదు, వాళ్లు ఓడిపోయి వస్తాండారు..."

"ఓడిపోయింది వాళ్లు. నేనెందుకు దాంకోవాల? నేనేం దొంగతనం చేసినానా? ఆసుపత్రికొస్తి. తీయ్."

ఆమె మోచేతుల మీద లేచి, కోడలు దిండు నిలబెడితే ఆనుకుని కూర్చుంది. చెదిరిన జుట్టు వెనక్కి తోసి, పైట సర్దుకుంది. సుబ్బన్న ఆమెను చూశాడు. గడియ తీశాడు.

మెట్ల మీద అడుగుల చప్పుడు. నలుగురో అయిదుగురో ఉంటారు, నెమ్మదిగా, బరువుగా ఎక్కుతున్నారు. వాళ్లందరికంటే ముందు ఒక జత కాళ్లు రెండేసి మెట్లు దూకుతూ పరుగున వస్తున్నాయి. ఆ నడక గంగాధర్‌దని ఈశ్వరమ్మకు మొదటి మెట్టు దగ్గరే తెలిసింది.

వాళ్లను అడ్డుకోవడానికి ముందొస్తున్నాడో, వాళ్ల తరఫున ముందొస్తున్నాడో మాత్రం తెలియలేదు.

తలుపు రెక్క కదిలింది.